ఫినియాస్ గేజ్ చరిత్రము

చెన్నపురి రాయపురమునుండి ఆర్కాటు దిక్కునకు మదరాసు రైల్వే కంపెనీవారి తొలి రైలుబండి 1856వ సంవత్సరము జూలై 1వ తేదీన నడచెను. ఆ మార్గము మన తిరువళ్ళూరు మీదుగనే పోవుచున్నది. తిరుత్తణికిని తిరువళ్ళూరునకును నడుమ రైలులో రాకపోకలు చేయువారు మనలో ననేకులు కలరు. అయినను ఆ పట్టాలు పరచుటకు ముందు బండలు పగులగొట్టి, మెరక త్రవ్వి, పల్లము పూడ్చి, నేల చదును చేసిన కూలీలను, వారిపై నిలిచి పని చేయించిన మేస్త్రీలను తలచుకొనువారు అరుదు. అట్టి మేస్త్రీ యొకని చరిత్రమును మేమిచ్చట వ్రాయబూనితిమి. అతడు మన దేశమువాడు కాడు. మన రైలునకు ఎనిమిదేండ్లకు పూర్వము అమెరికాలో రైలుమార్గము వేయుచు గాయపడినవాడు. పేరు ఫినియాస్ గేజ్. రాజు కాడు, కవి కాడు, దండనాయకుడు కాడు. అయినను మెదడును గూర్చి వ్రాసిన పెద్ద గ్రంథములలో ఇతని పేరు లేనివి మిక్కిలి తక్కువ.

మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణము పొందుచున్న దినములలో మనస్తత్త్వశాస్త్రపు పాఠ్యగ్రంథమున ఇతని కథ అరపుటలో ముగిసెడిది. తలకు దెబ్బ తగిలెను, ప్రాణము నిలిచెను, గుణము చెడెను, పనికిమాలినవాడయ్యెను, ఇంతియే అందున్నది. ఆ అరపుట చెప్పక విడిచినది చాల కలదు. విడిచిన భాగమే మాకు ముఖ్యముగ తోచుచున్నది.

గేజ్ 1823లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున జన్మించెను. అయిదుగురు బిడ్డలలో పెద్దవాడు. బడిచదువు అంతగా లేకున్నను బుద్ధికుశలత గలవాడు. ఒడ్డు, పొడుగు, దేహబలము, లెక్కలలో నేర్పు, కూలీలతో మెలగుటలో మెలకువ, పట్టిన పని ముగించువరకు విడువని పట్టుదల - ఇవి అతని సొత్తులు. ఇరువదియైదేండ్ల వయస్సు వచ్చుసరికి రట్లండ్ - బర్లింగ్టన్ రైలుమార్గపు పనిలో, వెర్మాంట్ రాష్ట్రమందలి కావెండిష్ గ్రామము చెంత, బండలు పేల్చు కూలీల ముఠాకు మేస్త్రీగ నుండెను. తన గుత్తేదారులు తమ మేస్త్రీలందరిలో మిక్కిలి సమర్థునిగ నెంచినది ఇతనినే.

క్వారీలలో బండలు పేల్చుట చూచినవారికి ఆ పని కొత్త గాదు. రాతిలో లోతుగ తొలి వేసి, అందు తుపాకిమందు పోసి, వత్తి దించి, పైన ఇసుక నింపి, ఇనుపకడ్డీతో గట్టిగ కూరవలెను. ఇసుక లేకుండ కడ్డీ దించితిమేని, ఇనుము రాతిని రాచి నిప్పురవ్వ పుట్టును. గేజ్ తన చేతివాటమునకు తగినట్లు కమ్మరిచేత ఒక కడ్డీ చేయించుకొనెను. దాని పొడవు 3 అడుగుల 7 అంగుళములు. బరువు 6 కిలోలు. మందము 3 సెంటీమీటర్లకు పైన. ఒక కొన సన్నముగ మొనదేరినది.

1848 సెప్టెంబరు 13వ తేదీ, సాయంకాలము నాలుగున్నర గంటలు. వెనుక కూలీలు చేయుచున్న దేదియో అతని దృష్టి నాకర్షింపగా, గేజ్ తల కుడివైపునకు త్రిప్పెను. ఇసుక పడినదో లేదో చూడకయే కడ్డీ దిగెను. మందు పేలెను. కడ్డీ ఎడమ చెక్కిలి క్రిందుగ దూరి, ఎడమ కంటి వెనుకగ పోయి, మెదడు ముందుభాగమును చీల్చి, నడినెత్తికి కొంచెము ముందుగ కపాలమును పగులగొట్టుకొని వెడలి, 80 అడుగుల దూరమున పడెను.

అతడు చావలేదు. కొన్ని నిమిషములలో మాటలాడెను. ఎద్దుబండిలో నిటారుగ కూర్చుండి ముప్పాతిక మైలు దూరమునందలి తన బస చేరెను. వైద్యుడు వచ్చుసరికి వాకిట కుర్చీలో కూర్చుండి, జరిగినది తానే వివరించెను. తరువాత మేడమెట్లు ఎక్కి పడకపై పరుండెను. స్నేహితులు చూడవచ్చిరని చెప్పగా, ఒకటి రెండు దినములలో పనిలోనికి వచ్చెదను గదా, వారు శ్రమపడనక్కరలేదని చెప్పించెను. పుర్రె పగిలినవాని నోట మొదటి సాయంకాలమే వచ్చినది పని ముచ్చట! ఈ యొక్క విషయమును విద్యార్థులు జ్ఞప్తియందుంచుకొనవలెను.

చికిత్స చేసినవాడు జాన్ హార్లో యను గ్రామవైద్యుడు. ముప్పదియేండ్లు నిండనివాడు. సూక్ష్మజీవుల సంగతి నాటి వైద్యులకు తెలియదు. కొన్నినాళ్లకు గాయము చీముపట్టెను. రోగి మగతలో మునిగెను. శవపేటిక సిద్ధము చేసిరి. హార్లో ఆశ విడువక కత్తితో కోసి చీము వెడలించెను. అక్టోబరు 7వ తేదీన గేజ్ లేచి ఒక్క అడుగు వేసి కుర్చీలో కూర్చుండెను. నవంబరు 25వ తేదీన మూతబండిలో ఇల్లు చేరెను. ఎడమకంటి చూపు మాత్రము పోయెను.

శరీరము బాగుపడుచుండగా హార్లో అతని బుద్ధిని కూడ పరిశీలించుచుండెను. ఈ భాగమే మాకు మిక్కిలి వింతగ తోచును. జ్ఞాపకశక్తి చెడలేదు. జరిగిన దినము, మనుష్యుల పేర్లు, పాత సంగతులు అన్నియు మునుపటివలెనే చెప్పెను. కాని వస్తువుల పరిమాణమును, డబ్బు విలువను సరిగ నిర్ణయింపలేకపోయెను. పాత యేటిగర్భమున ఏరుకొన్న కొన్ని గులకరాళ్లను చేతనుంచుకొనగా, వేయి డాలర్లిచ్చెదమన్నను వాని నీయనని పట్టుబట్టెను. వేయి డాలర్లనగా నాడు కూలివానికి మూడునాలుగేండ్ల సంపాదనకు తక్కువ కాదు.

1849 ఏప్రిలులో గేజ్ కావెండిష్‌నకు తిరిగివచ్చి తన మేస్త్రీ పని తనకిమ్మని యడిగెను. గుత్తేదారులు ఈయలేదు. మనిషి మారినాడనిరి. హార్లో తరువాత వ్రాసినదాని సారమిది: అతడు చపలచిత్తుడయ్యెను, మునుపెన్నడు లేని బూతుమాటలు నోట వచ్చెడివి, తన కోరికకు అడ్డు వచ్చిన సలహాను సహింపడు, మూర్ఖముగ పట్టుబట్టును, మరుక్షణమే ఊగిసలాడును, అనేకములైన పనులకు ఎత్తులు వేయును, వేసినవెంటనే విడుచును.

ఇట్లేల జరిగెను? బుద్ధి యనునది ఒకే ముద్ద యని మనము సామాన్యముగ భావింతుము. అట్లు కాదు. తెలుగువారికి ఇది తెలుపుటకు అష్టావధానమును మించిన దృష్టాంతము లేదు. అవధాని యెదుట సమస్య నిచ్చువాడొకడు, దత్తపది నిచ్చువాడొకడు, నిషిద్ధాక్షరి నడుపువాడొకడు, గంట కొట్టువాడొకడు, అప్రస్తుత ప్రసంగముతో మనస్సును మరల్చువాడొకడు. అవధాని పద్యములన్నింటిని తుదకు అప్పగించుట ధారణ; అది జ్ఞాపకశక్తి పని. కాని నిషిద్ధాక్షరిలో మొదట నోటికి వచ్చిన మాటను ఆపి, దానిని త్రోసివేసి, వేరొక మాటను వెదకుట ధారణ కాదు, అది నిగ్రహము. ప్రసంగి హాస్యమునకు నవ్వియు, విడిచిన పాదమును మరల అందుకొనుట అవధానము. ఎనిమిదింటిలో దేనిని ముందు పట్టవలెనో నిర్ణయించుట వివేచన. నిగ్రహము, అవధానము, వివేచన - ఈ మూడింటికిని నుదుటివెనుక నుండు లలాటభాగము ముఖ్యస్థానము. జ్ఞాపకములను కూర్చు భాగము చెవులకు లోపలగ, క్రిందుగ నున్నది. గేజ్ కడ్డీ రెండవదానిని తాకలేదు, మొదటిదానిని చీల్చెను. కావుననే ధారణ నిలిచి నిగ్రహము పోయెను. కూలీలను నడుపు మేస్త్రీకి కావలసినదో, ఆ పోయినదే. గుత్తేదారులను మేము తప్పుపట్టుట లేదు. తుపాకిమందు చెంత చపలచిత్తుని నిలుపుట ప్రాణహాని. అయితే వారు చూచినది గాయము తగిలిన ఏడవ నెలలో. ఏడు నెలలు చూచి ఒక జీవితమునకు తీర్పు చెప్పవచ్చునా యనునదే ప్రశ్న.

అదే సంవత్సరము నవంబరులో బోస్టను నగరపు శస్త్రవైద్యుడు హెన్రీ బిగెలో గేజ్‌ను రప్పించి, వైద్యుల సభలో చూపి, శరీరమునను బుద్ధియందును ఇతడు చాలవరకు స్వస్థుడేయని 1850లో ప్రకటించెను. ఒకే మనిషి: ఒక వైద్యునికి పూర్తిగ మారినవాడు, వేరొక వైద్యునికి బాగుపడినవాడు. ఇందు వింత లేదు. కూర్చుండబెట్టి ప్రశ్నలడిగినచో లలాటభాగము చెడినవాడు తరచుగ చక్కగనే సమాధానము చెప్పును. లోపము బయటపడునది పనిలో, పదిమంది నడుమ, తొందరలో. నేటి వైద్యులును ఇదే చెప్పుచున్నారు.

తరువాత కొంతకాలము గేజ్ తన కడ్డీతో ఊరూర ప్రదర్శింపబడెను. న్యూయార్కులో బార్నమ్ అనువాని వింతశాలలోను నిలిచెను. కడుపుకూటికై తన గాయమును తానే చూపించుకొనుట! ఈ ఘట్టమును మేము వేగముగ దాటుదుము. అతడును వేగముగనే దాటెను. 1851లో హానోవర్ అను ఊర అద్దెగుఱ్ఱములశాలలో పనికి కుదిరి, ఏడాదిన్నర అచ్చటనే యుండెను. గుఱ్ఱములకు దాణా పెట్టుట, మాలీసు చేయుట, జీను కట్టుట, బండి తోలుట. ప్రతిదినము అదే వేళకు అదే వరుస. ఒక్క పనియందు నిలువడని హార్లో వ్రాసినవాడు అచ్చట నిలిచెను.

1852 ఆగస్టులో, దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున బండ్ల వ్యాపారము పెట్టబోవు ఒకనితో ఓడయెక్కెను. వల్పరైసో రేవునకును సాంటియాగో నగరమునకును నడుమ ఆరుగుఱ్ఱముల బండ్లు తోలుట అతని వృత్తి. దూరము సుమారు 100 మైళ్లు. దాదాపు ఏడేండ్లు ఆ దేశమున నుండెను.

ఈ ఏడేండ్లను మా పాఠ్యగ్రంథము ఒక్క వాక్యమునకైన నోచనీయలేదు. ఆరుగుఱ్ఱముల బండి తోలుట యననేమో యోచింపుడు. గుఱ్ఱములు రెండేసి మూడు జతలు. ప్రతి జతకు వేరు పగ్గములు. అవి వ్రేళ్లనడుమ వేర్వేరుగ నిలిచియుండవలెను. మలుపు వచ్చినచోట ముందు జతను ముందుగ, వెనుక జతను ఆలస్యముగ త్రిప్పవలెను; అనగా జరుగబోవుదానిని ముందే యెంచవలెను. తెల్లవారుజామున లేచి గుఱ్ఱములను కట్టవలెను. ప్రయాణికులను కూర్చుండబెట్టి, సామాను ఎక్కించి, వారితో మర్యాదగ మాటలాడవలెను. మాట్లాడునది తన యింగ్లీషు కాదు, అచ్చటి జనము భాష స్పానిషు. బస్సులో తమిళము, బడిలో తెలుగు, పరీక్ష దరఖాస్తులో ఇంగ్లీషుగ నడచుకొను మన సరిహద్దుపిల్లలకు ఆ కష్టము వేరుగ చెప్పనక్కరలేదు. తలలో కడ్డీ దూరినవాడు, ఒంటికన్నువాడు, ఇరువదితొమ్మిదవ యేట పరదేశమున ఇది నేర్చెను. చిలీలో నివసించిన అమెరికా వైద్యుడొకడు 1858లో గేజ్‌ను బాగుగ నెరిగియుండి, అతడు బండి తోలుచు ఆరోగ్యముగ నుండెననియు, బుద్ధిలో లోపమేమియు కనబడలేదనియు చెప్పినట్లు ఇటీవలి పరిశోధనలో వెల్లడియైనది.

గేజ్ జీవితపు దస్తావేజులను ఏండ్ల తరబడి వెదకిన ఆస్ట్రేలియా పండితుడు మాల్కం మాక్మిలన్ 2000లో పెద్ద గ్రంథము ప్రకటించెను. ఆయన యభిప్రాయము నిట్లు సంగ్రహింపవచ్చును. గేజ్ దుర్గుణములుగ చెప్పబడినవి గాయము తరువాతి తొలికాలమునకు చెందినవి. త్రాగుబోతనియు, తిరుగుబోతనియు, జగడగొండియనియు తరువాతివారు చేర్చినదానికి ఆధారము లేదు. నియమమైన పని, తెలిసిన వరుస, ప్రతిదినము తిరిగివచ్చు అవే మెట్లు - ఇవి అతని చెదరిన నిగ్రహమునకు బయటినుండి ఊతకఱ్ఱలైనవి. కాలక్రమమున ఆ ఊతతోనే లోపలి శక్తియు కొంత మరలినది. ఈ వాదము మాకు సబబుగ తోచుచున్నది. అంతమాత్రమున అతడు మునుపటి మేస్త్రీయే యయ్యెనని మేమనుట లేదు. మరల మనుష్యుల ముఠాను నడుపలేదు, గుఱ్ఱములను నడిపెను. ఆ రెండింటికి భేదము కలదు.

మెదడు గాయములకు నేడు చేయు పునరభ్యాసమును చూచినచో ఆ బండివాని దినచర్యయే క్రమపద్ధతిలో కనబడును. మొదట ఒక పని, నియమిత వేళ, తక్కువ చప్పుడు, చేయవలసిన మెట్లు కాగితముపై వ్రాసి ఎదుట పెట్టుట, అలసినప్పుడు విశ్రాంతి, అది కుదిరిన పిమ్మట రెండవ పని. చెన్నపురినుండి మన తిరువళ్ళూరు, తిరుత్తణి మీదుగ తిరుపతికి పోవు రహదారి కలదు. అట్టి రహదారులపై బండిమీదనుండి పడి తలకు దెబ్బ తగిలినవారు ఊరికొక్కరైన నుందురు. గాయము మానిన పిమ్మట వారిని గూర్చి బంధువులు రెండు మాటలలో నొకటి చెప్పుట మేము వినుచున్నాము. ఒకటి: పైకి బాగున్నాడు గదా, సోమరితనముచేత పనికి పోడు. రెండవది: బుర్ర చెడినది, ఇక దేనికిని కొరగాడు. మొదటిది బిగెలో తొందర, రెండవది గుత్తేదారుల తొందర. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో 1949లో డాక్టరు జేకబ్ చాందీ, చెన్నపురి జనరల్ ఆసుపత్రిలో 1950లో డాక్టరు బి. రామమూర్తి మెదడు శస్త్రచికిత్సా శాఖలను నెలకొల్పిరి. రెండును మనకు దూరము కావు. గేజ్‌నకు లేని వేరొక ఆధారము కూడ నేడు కలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము, ఉద్యోగములో నుండగా వైకల్యము కలిగిన ప్రభుత్వోద్యోగిని తొలగింపరాదు, హోదా తగ్గింపరాదు. పాత పని చేయలేనిచో అదే జీతముపై వేరొక పనికి మార్పవలెను. ప్రైవేటు కొలువులవారికి ఈ రక్షణ యంతగా లేదు. గుత్తేదారు క్రింది కూలీకి అసలే లేదు.

గేజ్ కథకు మరలుదము. 1859లో అతని ఆరోగ్యము చెడెను. చిలీ విడిచి, తల్లియు చెల్లెలును నివసించుచున్న శాన్‌ఫ్రాన్సిస్కో చేరెను. కొంచెము కోలుకొనగనే సాంటాక్లారాలో ఒక రైతు పొలమున పనికి కుదిరెను. 1860 ఫిబ్రవరిలో మూర్ఛలు, మనవారు ఫిట్సు అనునవి, మొదలయ్యెను. మెదడుపై మచ్చ నిలిచినవారికి ఏండ్లు గడచినమీదట కూడ ఇవి రావచ్చును. నేడు మందులు కలవు, నాడు లేవు. మూర్ఛలు వచ్చుచున్నను పనిమాని కూర్చుండలేదు. ఒకచోట కుదరనిచో వేరొకచోట చేరెను. మే 21వ తేదీన మరణించెను. వయస్సు 36. మేనల్లుండ్రకు మేనకోడండ్రకు తన సాహసములను గూర్చి లేనిపోని కథలు కల్పించి చెప్పి నవ్వించెడివాడని తల్లి తరువాత హార్లోకు తెలిపెను. పిల్లలన్నను, గుఱ్ఱములన్నను, కుక్కలన్నను అతనికి మిక్కిలి ప్రీతి.

హార్లో తన పాత రోగిని మరువలేదు. 1866లో ఆ తల్లి చిరునామా దొరకగా ఉత్తరము వ్రాసెను. ఆమె యనుమతితో సమాధి త్రవ్వించి కపాలమును తెప్పించి, 1868లో వైద్యుల సభయెదుట తన నివేదిక చదివెను. కపాలమును కడ్డీయు నేడు బోస్టనులో హార్వర్డు వైద్యకళాశాల వారి వారెన్ ప్రదర్శనశాలలో నున్నవి. 1994లో కంప్యూటరు సాయముతో కడ్డీ మార్గమును గణించినవారు లలాటభాగము ఇరువైపుల చెడెననిరి. 2004లో వేరొకరు ఎడమవైపు మాత్రమేయనిరి. 2012లో జరిగిన గణనమున మెదడు పైపొరలో నూటికి 4 వంతులును, ఒక భాగమును వేరొక భాగముతో కలుపు తెల్లని తంతువులలో నూటికి 11 వంతులును చెడియుండునని తేలినది.

2009లో అమెరికాలో ఒక దంపతులు తమయొద్దనున్న పాత ఛాయాచిత్రమొకటి గేజ్‌దని గుర్తెరిగిరి. శుభ్రమైన కోటు, చక్కగ దువ్విన జుట్టు, మూసికొనియున్న ఒక కన్ను, సూటిగ చూచుచున్న వేరొక కన్ను. చేతులలో ఆ కడ్డీ. దానిపై చెక్కియున్న అక్షరములను చూచియే చిత్రము గేజ్‌దని రూఢి చేసిరి. ఆ చెక్కడమున పేరులో ఒక అక్షరము అధికము; సెప్టెంబరు 13కు బదులు 14 అని పడినది.